ఆరుబయట వేసిన బల్ల



ప్రెస్బిటీరియను సంఘమనగానే క్రైస్తవ చరిత్రను కొంత చదివినవారి మనస్సున మెదలు రూపము మిక్కిలి గంభీరమైనది. అలంకారములు లేని తెల్లని గోడలు, ఎత్తయిన ప్రసంగవేదిక, గంటకు తక్కువ కాని వాక్యోపదేశము, సభ్యులెన్నుకొన్న పెద్దలు కూర్చుండి ప్రతి విషయమును తర్కించి తీర్మానించు సభలు, ఇవియే ఆ సంఘమునకు గురుతులని పలువురి అభిప్రాయము. అది అసత్యము కాదు. బిషప్పులు లేకుండ, ఊరి సంఘమును పెద్దలసభయు, ఇరుగుపొరుగు సంఘములను ప్రెస్బిటరీయు, వానిపై సినడును, అన్నిటిపై సర్వసభయు పాలించు ఈ పద్ధతి, 1560లో జాన్ నాక్సు మొదలగువారు స్కాట్లండు దేశమున మతసంస్కరణమును నెలకొల్పిన పిమ్మట క్రమక్రమముగా స్థిరపడినది. అయితే ఆ సంఘముల సామూహిక జీవనమునకు ప్రాణము పోసినవి నాలుగు గోడల నడుమ జరిగిన సభలకంటె, వేసవి దినములలో చెట్లనీడను, కొండవాలులయందు, పచ్చికబయళ్ళయందు జరిగిన కూటములేయని నా దృఢవిశ్వాసము. ఆ కథనే నేడు మీకు విన్నవింప దలచితిని.

మన వేసవి వేరు, వారి వేసవి వేరు. రోహిణీకార్తెలో రోళ్ళు పగులునని చెప్పుకొను మనకు వేసవి యనగా తలుపులు మూసికొని లోపల తలదాచుకొను కాలము. ఉత్తరదేశమైన స్కాట్లండులోనో, సంవత్సరమున సగమునకు పైగా చలియు, వానయు, చీకటియు ఏలుచుండగా, జూను జూలై మాసములలో రాత్రి పదిగంటల వేళకు గూడ ఆకాశమున వెలుగు నిలిచియుండును. విత్తనములు చల్లుట ముగిసినది, కోతలింకను రాలేదు, బాటలు ఆరి నడకకు అనుకూలముగా నున్నవి. సేద్యగాండ్రకు కొంత తీరిక దొరకునది ఆ కాలముననే. కనుకనే పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో ఆ దేశపు సంఘములు ప్రభురాత్రి భోజనమను సంస్కారమును ఏడాదికి ఒకటి రెండు పర్యాయములు మాత్రమే, అందును విశేషముగా వేసవియందే, మహోత్సవముగా ఆచరించుచుండెడివి. ఒక ఊరి సంఘము ఈ ఆదివారమున ఆ భోజనపు బల్ల వేసిన, పొరుగూరి సంఘము వేరొక ఆదివారమునకు దానిని నియమించుకొనును. అందువలన ఒక ఊరివారు మరియొక ఊరికి, అక్కడివారు ఇక్కడికి, పది పదునైదు మైళ్ళు కాలినడకను వచ్చుటకు వీలగుచుండెను.

ఆ ఉత్సవము ఒక్కనాటిది కాదు. గురువారము ఉపవాసదినము, ఆనాడు పనిపాటలు మాని జనులు తమ దోషములను తలంచుకొందురు. శనివారము సిద్ధపాటు ప్రసంగము. ఆదివారమున బల్ల, సోమవారమున కృతజ్ఞతారాధన. దేవాలయమున పట్టనంత జనము చేరినప్పుడు బోధకులు నిలిచి ప్రసంగించుటకు ఆరుబయట కొయ్యతో చిన్న మంటపమును నిలిపి, దాని యెదుట పొడుగాటి బల్లలను వరుసగా వేసి, వానిపై తెల్లని నారబట్టలు పరచెడివారు. జనులు పంక్తులు పంక్తులుగా వచ్చి ఆ బల్లలచుట్టు కూర్చుండి, రొట్టెను, ద్రాక్షారసమును ఒకరి చేతినుండి ఒకరు అందుకొని, లేచి, తరువాతి పంక్తికి చోటిచ్చుచుండిరి. దూరమునుండి వచ్చినవారికి ఆ ఊరి యిండ్లలోను, ధాన్యపు కొట్లలోను పడకలు. ఉన్న ఇంటివారు ఉన్నంతలో వారికి భోజనము. సహపంక్తి భోజనముయొక్క అర్థమెరిగిన మనకు, జమీందారును పాలేరును ఒకే బల్లకడ కూర్చుండి ఒకే రొట్టెను విరుచుకొనిన ఆ దృశ్యముయొక్క విలువను వేరుగ చెప్పనక్కరలేదు.

కాని ఆ బల్లకు ఒక కాపలాయు నుండెను. బొటనవ్రేలి గోరంత సీసపు బిళ్ళ, దానిపై ఊరి పేరులోని మొదటి అక్షరములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరము ముద్రించియుండును. అచ్చులోపోసి ఆ బిళ్ళలను సంఘమే చేయించుకొనెడిది. పెద్దలు ఇంటింటికి తిరిగి, వీనికి విశ్వాసప్రమాణము తెలిసినదా, ఇరుగుపొరుగుతో కలహము లేదుకదా, నడవడి చక్కగ నున్నదా యని విచారించి, యోగ్యుడని తోచినవానికి మాత్రమే ఆదివారమునకు ముందుగా ఒక బిళ్ళ నిచ్చెడివారు. ఆదివారమున బల్లకడకు వచ్చినవాడు దానిని పెద్దచేతిలో పెట్టవలెను. బిళ్ళ లేనివాడు వెలుపల నిలిచి చూడవలసినదే. నేడు ప్రదర్శనశాలలయందు అద్దపుపెట్టెలలో కనబడు ఆ బిళ్ళలు కొన్ని ఎన్నో వ్రేళ్ళ రాపిడికి అక్షరములరిగి నున్నబడినవి. ఆ చిన్న సీసపుముక్కను పొందినవాని సంతోషమును, పొందనివాని సిగ్గును తలంచినప్పుడు, సంఘమను దానిలో ఎవరు లోపలివారు, ఎవరు వెలుపలివారు అను ప్రశ్న ఎంత బరువైనదో బోధపడును. తరువాతి మూడువందల యేండ్ల వేసవులు ఆ ప్రశ్నకు సమాధానమును మెల్లమెల్లగా మార్చినవని నేను తలంచుచున్నాను.

1630వ సంవత్సరము జూను మాసమున షాట్సు అను గ్రామమునందు జరిగిన ఒక ఉత్సవమును స్కాచి సంఘము నేటికిని స్మరించుకొనును. ఆదివారపు బల్ల ముగిసినను జనులకు ఇండ్లకు పోవ మనసు రాలేదు. పలువురు రాత్రియెల్ల ప్రార్థనలో గడపిరి. సోమవారమున ప్రసంగింపుమని జాన్ లివింగుస్టను అను యువకుని కోరిరి. అతనికి అప్పటికి ఇరువదియేడేండ్లు. ఇంకను అభిషేకము పొందినవాడు కాడు. తెల్లవారగనే పొలములలో ఒంటరిగా తిరుగుచు, ఇంతమంది భక్తులయెదుట నేనెంతవాడనను భయము పైకొనగా, ఎవరికిని చెప్పక తప్పించుకొనిపోవుదమా యని యాతడు తలంచెనట. అయినను అట్లు పోవుట దేవుని నమ్మకపోవుటయగునని వెనుదిరిగి, గంటన్నర ప్రసంగించెను. ఇంతలో వాన పడసాగెను. జనులు కదలక నిలిచిరి. ఆ వానను చూపుచునే యతడు మరియొక గంట హితము చెప్పెను. ఆనాడు సుమారు ఐదువందలమంది జీవితములలో మార్పు కలిగినదని సంఘచరిత్రకారులు వ్రాసిరి. గొప్ప పండితులెందరో యుండగా, పారిపోవ దలచిన ఒక అప్రసిద్ధ యువకునికి ఆ వేసవి కూటము మాటనిచ్చి నిలబెట్టినది. ఈ విషయమును మరల ప్రస్తావించు అవసరము నాకు కలుగును.

షాట్సునకు నూటపండ్రెండేండ్ల పిమ్మట, 1742లో, గ్లాస్గో నగరమునకు సమీపమున కాంబస్లాంగు అను గ్రామమున మరియొక వేసవి వచ్చినది. అచటి కాపరి విలియం మెకలకు భక్తుడేగాని వాగ్ధాటి కలవాడు కాడు. ఆయన సంఘములో కదలిక పుట్టించినవారు సామాన్యులు. ఒక చెప్పులు కుట్టువాడును, ఒక నేతగాడును ఇంటింటికి తిరిగి, వారమునకొక దినము ప్రత్యేకముగ ఉపదేశము కావలెనని సుమారు తొంబది కుటుంబముల పెద్దలచేత చేవ్రాళ్ళు చేయించి అర్జీ నిచ్చిరి. అట్లు శీతకాలమున మొదలైన కూటములు వేసవినాటికి ఆ గ్రామపు కొండవాలును నింపివేసినవి. ప్రసిద్ధ ప్రసంగీకుడగు జార్జి వైట్‌ఫీల్డు అక్కడకు వచ్చెను. జూలై మాసమున ఒక పర్యాయము బల్ల వేసిరి. జనులకు తనివి తీరక ఆగష్టు 15న మరల వేసిరి. ఆ రెండవసారి చేరినవారు ముప్పదివేలకు పైబడియుందురని ఆనాటివారి అంచనా. బల్లలో పాలుపొందినవారో సుమారు మూడువేలమంది. అనగా పదింట తొమ్మిదిమంది బిళ్ళ లేనివారు, లేక దానిని కోరనివారు. వినుటకు వచ్చినవారు, చూచుటకు వచ్చినవారు, స్నేహితులతో కూడి వచ్చినవారు. దేవాలయము లోపల నైనచో వారికి చోటుండెడిది కాదు. కొండవాలునకు తలుపు లేదు గనుక వారందరును లోపలివారే యైరి.

ఇంత జనము చేరిన చోట భక్తితోపాటు సంతయు, సరసమును, మద్యపానమును చేరక మానునా? రాబర్టు బర్న్సు కవి 1785లో తన ఊరి ప్రాంతపు ఇట్టి యుత్సవమును గూర్చియే ఒక అధిక్షేపకావ్యమును రచించెను. పనిదినములు వ్యర్థమగుచున్నవని విమర్శించినవారును కలరు. ఆ విమర్శలలో సత్యము లేకపోలేదు. మన తిరునాళ్ళకును ఆ దోషము కలదు. అయినను, సంవత్సరమున పదకొండు నెలలు తన పొలమును, తన మగ్గమును విడిచి యెరుగని మనుష్యునకు పొరుగూరి మనుష్యుడు బంధువైనది ఆ నాలుగైదు దినములలోనే. స్కాట్లండులోని లూయిస్ ద్వీపమందలి సంఘములు నేటికిని గురువారము మొదలు సోమవారము వరకు ఆ పద్ధతినే పాటించుచు, అతిథులకు తమ యిండ్లను తెరచి యుంచుచున్నవి.

స్కాట్లండు జనులు ఐర్లండులోని అల్‌స్టరునకును, అటనుండి అమెరికాకును వలసపోయినప్పుడు ఈ ఆచారమును వెంట గొనిపోయిరి. షాట్సున ప్రసంగించిన లివింగుస్టను తానే 1636లో ఈగిల్ వింగు అను ఓడనెక్కి అమెరికాకు బయలుదేరి, తుఫానులవలన మధ్యసముద్రమునుండి వెనుకకు మరలినాడు. అతడు చేరజాలని తీరమును పదునెనిమిదవ శతాబ్దమున అతనివంటి లక్షలాది అల్‌స్టరు స్కాచివారు చేరిరి. పెన్సిల్వేనియా, వర్జీనియా, కరోలినా కొండలలో నివసించి, అడవులు నరకి, చెక్కదుంగలతో ప్రార్థనాలయములను కట్టుకొనిరి. అక్కడను వేసవియే బల్లకు కాలమైనది. కోసులదూరమున ఒక్కొక్క యిల్లు. నెలల తరబడి పరాయి ముఖము కనబడని యడవి. ఆ యేకాంతమున నున్నవారికి వేసవి కూటము దైవసన్నిధి యొక్కటే కాదు, మానవసన్నిధియు నైనది.

1801 ఆగష్టు మాసమున కెంటకీ రాష్ట్రమందలి కేన్ రిడ్జి అను చోట బార్టను స్టోను అను ప్రెస్బిటీరియను కాపరి తన సంఘమునకు బల్ల నేర్పాటు చేసెను. అది రూపమున స్కాట్లండు పద్ధతిదే. శుక్రవారమున ఆరంభము, శనివారమున సిద్ధపాటు, ఆదివారమున బల్ల. బిళ్ళలును పంచిరి. కాని వచ్చిన జనమును చూచి అందరును నివ్వెరపోయిరి. పదివేలనియు, ఇరువదివేలనియు అంచనాలు కలవు. ఆ కాలమున కెంటకీలోని పెద్దపట్టణమగు లెక్సింగ్టను జనసంఖ్య రెండువేలకు లోపని తెలిసికొన్నచో ఆ సంఖ్యయొక్క అర్థము స్పష్టమగును. బండ్లే ఇండ్లై, గుడారములే వీథులై, రాత్రులు నెగళ్ళ వెలుగున ఒకేసారి అయిదారుచోట్ల, ఒకరు బండిపైనుండి, ఒకరు కూలిన చెట్టుమ్రానుపైనుండి ప్రసంగించుచుండిరి. మెథడిస్టులు, బాప్టిస్టులు, ప్రెస్బిటీరియనులు అను భేదము ఆ వారము వినబడలేదు. మనుష్యులకు ఆహారము, గుఱ్ఱములకు మేత తరిగిపోవు వరకు కూటము సాగినది. కేన్ రిడ్జిలోని దుంగల ప్రార్థనాలయము నేటికిని నిలిచియున్నది. 1957లో దానిని కాపాడుటకు చుట్టును రాతికట్టడమును నిర్మించిరి.

ఇచట ఒక దుఃఖకరమైన విషయమును చెప్పక దాటిపోవుట న్యాయము కాదు. దక్షిణ రాష్ట్రములయందు ఆ బల్లచుట్టు కూర్చున్నవారిలో బానిసలును ఉండిరి. చార్లెస్టను నగరమందలి స్కాచి దేవాలయము 1800లో తన సభ్యులకు వెండిబిళ్ళలను చేయించినది. బానిసలైన సభ్యులకు ఇచ్చినవి తక్కువ లోహపు బిళ్ళలు. ప్రభువు బల్లకు పోవుటకు సయితము లోహముచేత మనుష్యుని రంగును చాటిచెప్పిరి. వేసవి కూటములను నేను ఎంతగా మెచ్చుకొనినను, గోడలు లేనంతమాత్రమున హద్దులు తొలగిపోవని ఈ బిళ్ళలు సాక్ష్యమిచ్చుచున్నవి. బానిసత్వముపై కలహముచేత ఆ దేశపు సంఘము ఉత్తర దక్షిణములుగా చీలి, 1983 వరకు తిరిగి ఏకము కాజాలకపోయినది.

కేన్ రిడ్జి ఉద్రేకమును చూచి ప్రెస్బిటీరియను పండితులు కలవరపడిరి. కొందరు విడిపోయి వేరు సంఘములు స్థాపించిరి. 1810లో టెనెసీయందు పుట్టిన కంబర్లాండు ప్రెస్బిటీరియను సంఘము అట్టిది. ఇట్టి శిబిరకూటములను మెథడిస్టులు చేపట్టి దేశమంతట వ్యాపింపజేసిరి. ప్రెస్బిటీరియనుల వేసవి పిమ్మట శాంతరూపమును దాల్చినది. ఉత్తర కరోలినా పర్వతములలో 1897లో స్థాపితమై, కొలది యేండ్లకే ప్రెస్బిటీరియనుల చేతికి వచ్చిన మాంట్రీటు అను స్థలము దానికి నిదర్శనము. కొండనడుమ చెరువు, చెరువుగట్టున రాతి సభామందిరము, చుట్టును చెట్లలో చిన్న యిండ్లు. చీనా, కొరియా, కాంగో దేశములలో పనిచేసి సెలవుపై వచ్చిన మిషనరీలును, ఊరూర సంఘముల సభ్యులును, బాలబాలికలును వేసవియంతయు అక్కడ కలిసికొనెడివారు. వేలకొలది యువజనులు నేటికిని జూను జూలైలలో వారమునకొక గుంపుగా అచటికి పోవుచున్నారు. అయితే మాంట్రీటునకు పోగలవారు కొందరే. పోజాలనివారి వేసవియే ఇప్పుడు నాకు ముఖ్యము.

పందొమ్మిదవ శతాబ్దాంతమున అమెరికా మహానగరములలో కలిగినవారు వేసవియందు సముద్రతీరములకును, కొండలకును తరలిపోగా పెద్ద పెద్ద దేవాలయములు మూతబడుచుండెను. బడులును మూతబడెను. వలసవచ్చిన పేదల బిడ్డలు ఇరుకు వీథులలో ఎండకు మాడుచు తిరుగుచుండిరి. 1898లో న్యూయార్కు నగరమున హాస్ అను బాప్టిస్టు గృహిణి ఒక మద్యశాలను అద్దెకు పుచ్చుకొని, వేసవి ఉదయములయందు ఆ బిడ్డలను అచట చేర్చి, బైబిలు కథలు, పాటలు, చేతిపనులు నేర్పింపసాగెను. 1901లో రాబర్టు బోవిల్ అను బోధకుడు ఆ కార్యమును చేపట్టెను. ఊరకయున్న దేవాలయములు, ఊరకయున్న కళాశాల విద్యార్థులు, ఊరకయున్న పిల్లలు, ఈ మూటిని ఒకచోట చేర్చుటయే యాతని యోచన. ఇంత సులభమైన యోచన అంతవరకు ఎవరికిని తోచకపోవుట ఆశ్చర్యము. ప్రెస్బిటీరియను సంఘములును, ఇతర సంఘములును దానిని శీఘ్రముగనే స్వీకరించినవి. మన యూళ్ళలో వి.బి.యస్. అని పిల్లలు పలుకు సెలవుల బైబిలు పాఠశాల పుట్టుక ఇది.

నేడు పశ్చిమ పెన్సిల్వేనియాలోని చిన్న పట్టణములలో ఇట్టి పాఠశాల జరుగు తీరును కొంచెము దగ్గరనుండి చూతము. స్కాచివారి మనుమల మనుమలు నివసించు ప్రాంతమది. ఉక్కు కర్మాగారములు మూతబడినపిదప యువకులు పనులకై దూరమునకు పోగా, దేవాలయములలో నెరసిన తలలే యెక్కువ. సోమవారము ఉదయము తొమ్మిదిగంటలకు దేవాలయపు మెట్లకడ ఒక మేజా వేసి, ఒక వృద్ధురాలు పిల్లల పేర్లు వ్రాసికొనుచుండును. ఆ కాగితమున అడుగు ప్రశ్నలు ఏవి? పేరు, వయస్సు, మధ్యాహ్నము ఇంటికి కొనిపోవుటకు ఎవరు వత్తురు, వేరుసెనగవంటి తినుబండారములు ఏవైన పడవా. చివర, మీది ఏ సంఘము అని ఒక గీత. చాలమంది తల్లులు ఆ గీతను ఖాళీగానే విడుతురు. ఆ వృద్ధురాలు దానిని గమనింపక, బిడ్డ మెడలో పేరుచీటీ వేసి లోపలికి పంపును. ఆమె పూర్వులు బిళ్ళ లేనివానిని బల్లకడకు రానీయలేదు. బల్లయు బడియు ఒకటి కావు, నిజమే. అయినను సంఘము తన గడపకడ అడుగు ప్రశ్న మారినది. ఆ మార్పు సంఘమునకు కలిగిన నష్టము కాదని నా నిశ్చయము.

లోపల చేతులాడించుచు పాటలు, పొడవాటి అంగీలు తొడిగిన సంఘపెద్ద యొకడు తానే మోషేయై కథ చెప్పుట, ఐసుపుల్లలను జిగురుతో అంటించి ఇండ్లు, పడవలు చేయుట, పచ్చికలో ఆటలు, శుక్రవారము సాయంకాలమున తల్లిదండ్రులయెదుట ప్రదర్శన. అయిదేండ్ల పిల్లలను వ్రేలుపట్టి ఒక గదినుండి మరియొక గదికి నడపించువారు పదునాలుగు, పదునైదేండ్ల వారు. పదియేండ్ల క్రిందట తామును అట్లే ఒకరి వ్రేలుపట్టి నడచినవారు. షాట్సునాటి యువకుని మాట ఇచట నాకు స్ఫురించుచున్నది. సంవత్సరమంతయు చివరి వరుసలో మౌనముగ కూర్చుండు బాలునకు ఆ వారము పది పసిబిడ్డల బాధ్యత నప్పగింతురు. వాడును మొదట తప్పించుకొన జూచును. పిమ్మట నిలుచును.

జూలై ఆగష్టులలో కాపరి సెలవుపై పోవును. అప్పుడు పెద్దలును, సామాన్య సభ్యులును ఆరాధన నడపింతురు. ఇరుగుపొరుగున నున్న మూడు నాలుగు సంఘములు కలిసి ఒక్కొక్క ఆదివారము ఒక్కొక్క దేవాలయమునందు, లేక ఊరి ఉద్యానవనమునందు ఉమ్మడి ఆరాధన జరుపుకొనుటయు కలదు. పిమ్మట ప్రేమవిందు. ప్రతి యింటివారును ఒక వంటకమును మూతపెట్టి తెత్తురు. గిన్నెలు తారుమారు కాకుండ అడుగున అంటుపట్టీ వేసి యజమానురాలి పేరు వ్రాసియుందురు. ఆ పట్టీ మీది పేరును చూచియే, ఈ బంగాళాదుంపల వంటకము ఫలానామె తెచ్చినదని ఎరిగి, పిల్లలు ముందుగ దానికడకే పోవుదురు. ఆమె గతించిన పిమ్మటను ఆ గిన్నె, ఆ పట్టీతోనే, దేవాలయపు వంటయింటి అలమారలో మిగిలియుండుట కలదు. స్త్రీలు సంఘపెద్దలగుటకు ఉత్తరసంఘము 1930లో గాని సమ్మతింపలేదు. దక్షిణసంఘము 1964 వరకు సమ్మతింపలేదు. అంతకు ఎన్నో యేండ్ల ముందే వేసవి పాఠశాలలను, విందులను నడపినవారు వారే. పెద్దరికమును సభ ఒప్పుకొనుటకు ముందే వంటయిల్లును, తరగతిగదియు ఒప్పుకొనియుండెను.

యువజనులు కాపరితోను, పెద్దలతోను కూడి అపలేచియను కొండపల్లెలకు ఒక వారము పోయి, పేదల యిండ్ల కప్పులు బాగుచేయుట, మెట్లు కట్టుట మొదలగు పనులు చేయుదురు. ఒక వారపు శ్రమచేత దారిద్ర్యము తీరదు. ఆ యిల్లు మాత్రము ఆ వానకాలమున కారదు.

ఈ సంఘముల బలము తగ్గిపోవుచున్నదను మాట వాస్తవము. ఉత్తర దక్షిణములు ఏకమైన 1983లో సభ్యులు 31 లక్షలు. నేడు 11 లక్షలకు లోపు. సగమునకు పైగా సంఘములలో నూరుమందియైన లేరు. ఒక్క సంఘమున పాఠశాలకు చాలినంత పిల్లలును, బోధించువారును లేకపోవుటచేత, నాలుగు సంఘములు కలిసి ఒకే పాఠశాల పెట్టుకొను ఏర్పాటు అనేకస్థలములలో వచ్చినది. ఒకచోట పాటలు నేర్పగలవారుందురు, ఒకచోట విశాలమైన హాలుండును, ఒకచోట వంట చేయగలవారుందురు. దీనిని కొందరు క్షీణదశకు గురుతని బాధపడుదురు. వారి బాధను నేను తేలికగా త్రోసివేయను. ఖాళీ బల్లలను చూచిన వృద్ధుల దుఃఖము నిజమైనది. అయినను కాంబస్లాంగు కొండవాలున చేరినవారును ఒక్క సంఘమువారు కారు. తనకు తానే చాలునను గర్వము పెరిగినకొలది పట్టణపు సంఘములు ఒకదానికొకటి దూరమైనవి. అవసరము వారిని మరల పొరుగువారిని చేసినది. ముప్పదివేలమంది చేరిన ఆగష్టు ఆదివారముకంటె, నాలుగు బీద సంఘములు కలిసి నలుబదిమంది పిల్లలకు నడపు ఈ జూలై వారమే సంఘజీవనమునకు ఎక్కువ మేలు చేయుచున్నదని నేననుకొందును. మహాకూటము ముగిసిన పిమ్మట జనులు చెదరిపోయిరి, సంఘములును చీలినవి; ఈ నలుబదిమంది పిల్లల పేర్లు మాత్రము ఆ వీథిలోని ప్రతి వృద్ధురాలికిని తెలియును.

మన తెలుగుదేశమునకును ఈ చరిత్రతో సంబంధము లేకపోలేదు. మదనపల్లె ప్రాంతమున పనిచేసిన ఆర్కాటు మిషను ప్రెస్బిటీరియను పద్ధతికి తోబుట్టువైన అమెరికా రిఫార్మ్‌డు సంఘమునకు చెందినది. అచ్చటను పెద్దలసభలే సంఘమును నడపెను. 1908లో ప్రెస్బిటీరియను, కాంగ్రిగేషనలు సంఘములు కలిసి దక్షిణ ఇండియా ఐక్యసంఘమైనవి. దోర్నకల్లు బిషప్పు వేదనాయకము అజరయ్యగారు మొదలగువారు 1919లో తరంగంబాడియందు సమావేశమై కోరిన విస్తృతమైన ఐక్యత, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరినది. ఏటేట మే మాసమున మన యూళ్ళలోని దేవాలయములలో, తాటాకు పందిళ్ళక్రింద, వారము పదిదినములు జరుగు సెలవుల పాఠశాలలలో పెన్సిల్వేనియా పిల్లలు విను కథలనే మన పిల్లలును తెలుగు పాటలతో వినుచున్నారు. ఎండ తీవ్రతచేత మనవారు ప్రొద్దుననే మొదలుపెట్టి, ఎండ ముదరకమునుపే ముగించి, పిల్లలకు చల్లని మజ్జిగయో, నిమ్మరసమో ఇచ్చి పంపుదురు.

కనుక సంఘపెద్దలకును, ఆదివార పాఠశాలల ఉపాధ్యాయులకును నా మనవి యిది. రానున్న మే మాసమున మీ పాఠశాలను మీ ఒక్క సంఘమునకే పరిమితము చేయక, వీథికవతల నున్న పొరుగు సంఘమువారిని గూడ పిలువుడు. లూథరనులైనను, బాప్టిస్టులైనను వారికిని ఈ సెలవులలో పిల్లలున్నారు. పదునారేండ్ల బాలికకు, బాలునకు ఒక తరగతిని పూర్తిగ అప్పగింపుడు. వారు తడబడినను ఉపాధ్యాయుని మార్పకుడు. పేర్లు వ్రాసికొనునప్పుడు, మీది ఏ సంఘమను ప్రశ్నకు బదులు చెప్పని తల్లి బిడ్డను గూడ తక్కిన బిడ్డలతో సమముగ ముందువరుసలో కూర్చుండబెట్టుడు. మీ సంఘములోని వృద్ధులు తమ బాల్యమున జరిగిన వేసవి కూటములను గూర్చి చెప్పు సంగతులను, వారుండగనే, ఒక పుస్తకమున వ్రాయించి సంఘపు పెట్టెలో భద్రపరపుడు.